కొత్త కామ్ వేసే ముందు పిస్టన్–వాల్వ్ గ్యాప్ చూసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ ఆటోనగర్‌లో హెడ్ ఫేసింగ్‌కి (హెడ్ అడుగుని కోసి చదును చేయడం), సీట్ కటింగ్‌కి, బోరింగ్‌కి వెతుక్కోనక్కర్లేదు. గుంటూరులోనూ అంతే. అయితే లేత్ మీద ఉన్నాయన మీరు చెప్పిన కొలతకి కోసి ఇస్తాడు, అక్కడితో ఆయన పని అయిపోతుంది. ఆ తర్వాత వాల్వ్ పోయి పిస్టన్‌కి తగులుతుందా లేదా అన్నది ఇంజన్ కట్టేవాళ్లే చూసుకోవాలి. కింద ఉన్నవన్నీ పెట్రోల్ మీద నడిచే, కామ్ (వాల్వ్‌లని తెరిచే షాఫ్ట్) హెడ్‌లో ఉండే నాలుగు సిలిండర్ల కారు ఇంజన్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

ఈ గ్యాప్, టాపెట్ క్లియరెన్స్ ఒకటేనా?

కాదు. టాపెట్ క్లియరెన్స్ అంటే కామ్ వైపుకీ వాల్వ్ కాడ పైకొనకీ మధ్య వదిలే సందు. ఫీలర్ గేజ్ పెట్టి చూస్తాం, మి.మీ.లో పదో వంతు, రెండు పదో వంతులు ఉంటుంది. ఇక్కడ మాట్లాడేది సిలిండర్ లోపలి సంగతి. వాల్వ్ తెరుచుకుని కిందికి దిగినప్పుడు దాని ముఖానికీ, పైకి వచ్చిన పిస్టన్ నెత్తికీ మధ్య మిగిలే చోటు. దీన్ని బయటి నుంచి ఫీలర్ గేజ్‌తో చూడటం కుదరదు.

కొత్త కామ్‌లో లిఫ్ట్ (వాల్వ్ తెరుచుకునే దూరం) అర మి.మీ.యే ఎక్కువ. అయినా చూడాలా?

చూడాలి. అందరూ లిఫ్ట్ అంకె చూసి ధైర్యం తెచ్చుకుంటారు, పొరపాటంతా అక్కడే జరుగుతుంది. వాల్వ్ పూర్తిగా తెరుచుకునే వేళకి పిస్టన్ సగం దూరం దిగిపోయి ఉంటుంది, అక్కడ తగిలే ప్రశ్నే లేదు. ప్రమాదం ఓవర్‌ల్యాప్‌లో ఉంది. అంటే ఎగ్జాస్ట్ వాల్వ్ ఇంకా పూర్తిగా మూసుకోలేదు, ఇన్‌లెట్ అప్పుడే తెరుచుకుంటోంది, పిస్టన్ సరిగ్గా పైకొనలో ఉంది. ఈ పైకొననే మెకానిక్కులు టీడీసీ అంటారు.

75 మి.మీ. స్ట్రోక్, 120 మి.మీ. కనెక్టింగ్ రాడ్ ఉన్న ఇంజన్ తీసుకోండి. టీడీసీ దాటి క్రాంక్ (పిస్టన్‌లని ఆడించే కింది షాఫ్ట్) 10 డిగ్రీలు తిరిగేసరికి పిస్టన్ దిగేది ముప్పావు మి.మీ. మాత్రమే. 15 డిగ్రీలకి 1.7, 20 డిగ్రీలకి దాదాపు 3 మి.మీ. మొదట్లో పిస్టన్ అంత బద్ధకంగా కదులుతుంటే ఇన్‌లెట్ వాల్వ్ మాత్రం అప్పటికే ఊపందుకుని దాని వెనకే దిగుతుంటుంది. అందుకే ఇన్‌లెట్ పిస్టన్‌కి బాగా దగ్గరయ్యేది టీడీసీలో కాదు, అది దాటిన 10–15 డిగ్రీల దగ్గర. ఎగ్జాస్ట్‌కి దీని తిరగేసిన లెక్క, టీడీసీకి ముందు 10–15 డిగ్రీల దగ్గర. కొత్త కామ్‌లో డ్యూరేషన్ (వాల్వ్ తెరిచి ఉండే డిగ్రీలు) పెరిగినా, ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ లోబ్‌ల (వాల్వ్‌ని నెట్టే కామ్ ఉబ్బుల) మధ్య కోణం తగ్గినా టీడీసీ దగ్గర వాల్వ్‌లు ఎక్కువ తెరిచి ఉంటాయి. పైన లిఫ్ట్ ఒక్క మి.మీ. కూడా పెరగని కామ్ సైతం ఇక్కడ పిస్టన్‌ని కొట్టగలదు.

ఎంత గ్యాప్ ఉంటే నిశ్చింత?

స్టీల్ కనెక్టింగ్ రాడ్లున్న ఇంజన్‌కి ఇన్‌లెట్ దగ్గర కనీసం 2.0 మి.మీ., ఎగ్జాస్ట్ దగ్గర కనీసం 2.5 మి.మీ. పాత పద్ధతిలో థౌలలో, అంటే అంగుళంలో వెయ్యో వంతుల్లో, చెప్పేవాళ్లు వీటినే 80, 100 అంటారు. వాల్వ్ అంచుకీ, దానికి చోటు ఇవ్వడానికి పిస్టన్ నెత్తి మీద ఉండే గుంట గోడకీ మధ్య పక్కవాటు కూడా చూడాలి, అది 1.25 నుంచి 1.5 మి.మీ. దాకా కావాలి. పెద్ద వాల్వ్‌లు వేసినప్పుడు ఈ పక్కవాటే ముందు అయిపోతుంది.

ఎగ్జాస్ట్‌కి అర మి.మీ. ఎక్కువ ఎందుకంటే, ఇన్‌లెట్ విషయంలో పిస్టన్ పారిపోతుంటే వాల్వ్ తరుముతుంది. ఎగ్జాస్ట్ విషయంలో వాల్వ్ పారిపోతుంటే పిస్టన్ తరుముతుంది. ఆర్‌పీఎం మీరి స్ప్రింగ్ వాల్వ్‌ని సమయానికి పైకి లాగలేకపోతే వాల్వ్ గాలిలో ఆగిపోతుంది, కింద నుంచి పిస్టన్ వస్తూనే ఉంటుంది. దానికి తోడు ఎగ్జాస్ట్ వాల్వ్ బాగా వేడెక్కి కాడ సాగుతుంది, రాడ్లూ ఆ వేగానికి కాస్త సాగుతాయి. చల్లటి ఇంజన్ మీద, చేత్తో తిప్పుతూ కొలిచిన గ్యాప్‌లోంచే ఇవన్నీ తింటాయి.

ఏమేం సామాను కావాలి?

0.01 మి.మీ. చూపించే డయల్ గేజ్, దానికి మాగ్నెట్ స్టాండ్. అల్యూమినియం హెడ్‌కి మాగ్నెట్ అంటుకోదు కాబట్టి హెడ్ మీద బోల్ట్‌తో బిగించుకునే చిన్న ఇనుప పట్టీ ఒకటి చేయించుకోండి. 360 డిగ్రీల చక్రం, క్రాంక్ పుల్లీ బోల్ట్‌కి బిగించడానికి. ఎంత పెద్దదైతే అంత మంచిది. ఒక వాల్వ్ జతకి మెత్తటి స్ప్రింగ్‌లు, అంటే వేళ్లతో నొక్కితే నొక్కుకుపోయేంతవి. పాత, ఇదివరకే బిగించి తీసిన హెడ్ గ్యాస్కెట్. వెర్నియర్, టార్క్ రెంచ్, పదునైన బ్లేడు.

పిస్టన్ మీద అద్ది వాల్వ్ అచ్చు తీయడానికి మట్టి కూడా కావాలి, దానికోసం స్టేషనరీ షాపులో పిల్లలు బొమ్మలు చేసుకునే రంగు క్లే తీసుకోండి. చవితి వినాయకుడికి వాడే బంకమట్టి మాత్రం వద్దు. అందులో ఇసుక ఉంటుంది, ఆరితే పగులుతుంది, ఒక్క రవ్వ రింగు సందులోకి పోయినా సిలిండర్ గీసుకుపోతుంది.

టీడీసీ కచ్చితంగా ఎలా పట్టుకోవాలి? పుల్లీ మీద గుర్తు ఉందిగా?

ఆ గుర్తుని నమ్మి ఈ పని మొదలెట్టకండి. టీడీసీ దగ్గర క్రాంక్ ఒకట్రెండు డిగ్రీలు అటూ ఇటూ తిరిగినా పిస్టన్ కదిలినట్టే కనపడదు, అందుకే కంటితో చూసి పట్టుకోవడం కుదరని పని. హెడ్ విప్పి ఉంటే బ్లాక్ మీద అడ్డంగా ఒక పట్టీ బిగించి, పిస్టన్ పైకి రాకముందే దానికి తగిలి ఆగేలా చేయండి. హెడ్ ఉంటే స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి మొద్దు మొనతో ఒక స్టాపర్ పెట్టండి. క్రాంక్‌ని నెమ్మదిగా ఒక వైపు తిప్పి ఆగిన చోట చక్రం మీద అంకె రాసుకోండి, రెండో వైపు నుంచి వచ్చి ఇంకో అంకె రాసుకోండి. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో ఉన్నదే అసలు టీడీసీ. ఒక వైపు 34, రెండో వైపు 38 వచ్చిందనుకోండి, మీ సున్నా 2 డిగ్రీలు తప్పింది. చక్రం మీద అంకె చూపించే ముల్లుని జరిపి రెండు వైపులా 36 వచ్చేదాకా సరిచేయండి. పని అయ్యాక స్టాపర్ తీయడం మర్చిపోవద్దు, అది ఉండగా స్టార్టర్ కొడితే పిస్టన్‌కి తూటు పడుతుంది.

మట్టి పద్ధతి ఎలా చేయాలి?

పిస్టన్ నెత్తి మీదున్న మసి పూర్తిగా తుడిచేసి, వాల్వ్ గుంటల్లోనూ వాల్వ్ ముఖానికీ పలచగా ఇంజన్ ఆయిల్ రాయండి. ఆయిల్ రాయకపోతే మట్టి వాల్వ్‌కి అంటుకుని పైకి వచ్చేస్తుంది, మళ్లీ మొదటికి. క్లేని సుమారు 6 మి.మీ. మందం పట్టీలా చేసి, వాల్వ్ పడే చోటంతా, గుంట అంచు దాటి బయటికి కూడా వచ్చేలా అద్దండి. పక్కవాటు తెలిసేది ఆ అంచు దగ్గరే.

పాత గ్యాస్కెట్ వేసి హెడ్ పెట్టి పూర్తి టార్క్‌కి బిగించండి. చేత్తో రెండు బోల్ట్‌లు తిప్పి వదిలేస్తే ఆ కొలత దేనికీ పనికిరాదు. టైమింగ్ బెల్ట్ గుర్తుల మీద వేసి, టెన్షనర్ బిగించి, టాపెట్ సెట్ చేసుకోండి. ప్లగ్‌లు తీసేసి, పొడుగు రెంచ్‌తో, తిరిగే దిశలోనే, క్రాంక్‌ని రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా పట్టేసినట్టు అనిపిస్తే బలం పెట్టకండి. మట్టి అంత గట్టిగా అడ్డుకోదు, ఇనుముకి ఇనుము తగిలినట్టే.

హెడ్ నిటారుగా పైకి లేపండి. బ్లేడుకి ఆయిల్ రాసి అచ్చు మధ్యలోంచి మట్టిని కోసి, సగం తీసేసి, మిగిలిన సగం అంచున బాగా పలచగా ఉన్న చోట వెర్నియర్ డెప్త్ కడ్డీతో కొలవండి. మట్టిని దవడల మధ్య పెట్టి నొక్కితే అది ఇంకా పలచబడుతుంది.

మన ఊరి ఎండ గురించి ఒక మాట. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం పూట షెడ్‌లో క్లే వెన్నలా అయిపోతుంది, కోసేటప్పుడే ఆకారం పోతుంది. ఆ నెలల్లో ఈ పని పొద్దున్నే పెట్టుకోండి, లేదా హెడ్ తీశాక పిస్టన్ మీదున్న మట్టికి ఐస్ ముక్కల కవర్ రెండు నిమిషాలు ఆనించి ఆ తర్వాత కోయండి. నీళ్లు మాత్రం సిలిండర్‌లోకి దిగనివ్వకండి.

డయల్ గేజ్ పద్ధతి?

ఒక సిలిండర్‌లో వాల్వ్ స్ప్రింగ్‌లు తీసి మెత్తటివి వేయండి. హెడ్ పూర్తిగా బిగించి, టైమింగ్ కట్టి, టాపెట్ అసలు నడిచే కొలతకే పెట్టండి. డయల్ గేజ్ మొనని వాల్వ్ పైన స్ప్రింగ్‌ని పట్టి ఉంచే రిటైనర్ మీద ఆనించండి. గేజ్ వాల్వ్ కాడకి సమాంతరంగా ఉండాలి. 20 డిగ్రీలు వాలిందంటే 2.00 చూపించే చోట అసలు ఉన్నది 1.88 మాత్రమే, అంటే లేని గ్యాప్ ఉన్నట్టు చూపిస్తుంది.

క్రాంక్‌ని చూడాల్సిన డిగ్రీ దగ్గర ఆపి గేజ్ సున్నా చేసి, వాల్వ్‌ని వేలితో కిందికి నొక్కండి. పిస్టన్‌కి తగిలి ఆగుతుంది. గేజ్ చూపించిందే ఆ డిగ్రీ దగ్గర గ్యాప్. ఇలా ఎగ్జాస్ట్‌కి టీడీసీ ముందు 20 నుంచి టీడీసీ దాకా, ఇన్‌లెట్‌కి టీడీసీ నుంచి తర్వాత 20 దాకా, 5 డిగ్రీలకోసారి రాసుకోండి. తక్కువ వచ్చిన చోట చుట్టూ 2 డిగ్రీలకోసారి మళ్లీ చూడండి.

ఒక ఇన్‌లెట్ వాల్వ్ అంకెలు ఇలా ఉంటాయనుకోండి:

టీడీసీ దగ్గర 2.70
5 డిగ్రీలు దాటాక 2.29
10 డిగ్రీలు దాటాక 2.10
15 డిగ్రీలు దాటాక 2.17
20 డిగ్రీలు దాటాక 2.55

టీడీసీలో మాత్రమే చూసినవాళ్లు 2.70 ఉందని సంబరపడతారు. నిజంగా చేతిలో ఉన్నది 2.10 కంటే కూడా ఓ పిసరు తక్కువ, ఎందుకంటే అసలు కనిష్ఠం 10కీ 15కీ మధ్య ఎక్కడో ఉంది.

ఇదంతా రాకర్ (కామ్ కదలికని వాల్వ్‌కి అందించే మీట) ఉన్న హెడ్‌లకి సులువు. బకెట్ టాపెట్ మీద నేరుగా కామ్ కూర్చునే హెడ్‌లలో వేలు పెట్టే చోటే ఉండదు, బకెట్ అంచుని మొద్దు మొన స్క్రూడ్రైవర్‌తో నొక్కాలి, గేజ్ మొనకీ జాగా వెతుక్కోవాలి. అలాంటి వాటికి మట్టే నయం.

రెండిట్లో ఏది నమ్మాలి?

అంకె కోసం డయల్ గేజ్. పక్కవాటు కోసం మట్టి, ఎందుకంటే గేజ్ దాన్ని చూపించలేదు. వీలైతే రెండూ చేయండి.

మా ఇంజన్‌లో హైడ్రాలిక్ లిఫ్టర్లు (ఆయిల్‌తో నిండి టాపెట్ సందుని తామే సరిచేసుకునేవి). టాపెట్ సెట్టింగే లేదు కదా?

మామూలు స్ప్రింగ్ కింద, ఆయిల్ ప్రెషర్ లేకుండా, చేత్తో తిప్పినప్పుడు లిఫ్టర్ నొక్కుకుపోతుంది. వాల్వ్ పూర్తిగా తెరుచుకోదు, గ్యాప్ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. ఇంజన్ స్టార్ట్ అయ్యాక లిఫ్టర్ నిండుతుంది, అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. మెత్తటి స్ప్రింగ్ వేస్తే చాలావరకు నొక్కుకోదు, అయినా సందేహమే. కొలిచేంత వరకు లోపలి ప్లంజర్ కదలకుండా కట్టేసిన లిఫ్టర్ వాడటమే సరైన దారి.

ఒక్క సిలిండర్ చూస్తే చాలదా?

కంపెనీ నుంచి వచ్చిన బ్లాక్, హెడ్ ముట్టుకోకుండా కేవలం కామ్ మార్చి, గ్యాప్ 3 మి.మీ. పైన వస్తే ఒకటి చాలు. ఫేసింగ్ అయి ఉంటే కనీసం ఒకటో సిలిండర్, నాలుగో సిలిండర్ రెండూ చూడండి. ఫేసింగ్ ఒక వైపు వాలిపోయి ఉండటం అరుదేం కాదు. 16 వాల్వ్‌ల ఇంజన్‌లో ఒకే సిలిండర్‌లోని రెండు ఇన్‌లెట్‌లూ చూడాలి.

హెడ్ 0.5 మి.మీ. ఫేసింగ్ చేయించాం. గ్యాప్ 0.5 తగ్గిందని లెక్క వేసుకోవచ్చా?

ఇన్‌లెట్‌కి కాస్త తక్కువే తగ్గుతుంది, ఎగ్జాస్ట్‌కి ఎక్కువ తగ్గుతుంది. ఈ సంగతి చాలామంది మర్చిపోతారు.

హెడ్ కిందికి దిగితే కామ్ కూడా క్రాంక్‌కి అంతే దగ్గరవుతుంది. బెల్ట్ బిగువుగా ఉండే వైపు అర మి.మీ. మిగిలిపోయి కామ్ పుల్లీ ఆ మేరకు వెనక్కి తిరిగి కూర్చుంటుంది. పుల్లీ వ్యాసం 100 మి.మీ. అనుకుంటే అర మి.మీ. అంటే కామ్ మీద 0.57 డిగ్రీ, క్రాంక్ లెక్కలో 1.15 డిగ్రీ ఆలస్యం. కామ్ ఆలస్యమైతే ఇన్‌లెట్ లేటుగా తెరుచుకుంటుంది, దానికి కొంచెం కలిసొస్తుంది. ఎగ్జాస్ట్ మాత్రం లేటుగా మూసుకుంటుంది, అంటే దానికి రెండు దెబ్బలు. పైన రాసిన కామ్ లాంటి దానికి ఓవర్‌ల్యాప్‌లో క్రాంక్ ఒక్క డిగ్రీ కదిలితే వాల్వ్ 0.15 మి.మీ. పైగా కదులుతుంది. ఆ లెక్కన ఎగ్జాస్ట్ గ్యాప్ దాదాపు 0.65 తగ్గుతుంది, ఇన్‌లెట్‌ది 0.35 లోపే. వెర్నియర్ పుల్లీ (కామ్‌ని కొద్దికొద్దిగా ముందుకీ వెనక్కీ జరుపుకోగల పుల్లీ) వేసి టైమింగ్ సరిచేస్తే రెండూ మళ్లీ అర మి.మీ. దగ్గరికి వస్తాయి.

బ్లాక్ ఫేసింగ్‌కీ, పలచటి గ్యాస్కెట్‌కీ ఇదే లెక్క.

గ్యాప్ చాలలేదు. ఏం చేయాలి?

ముందు టైమింగ్ చూడండి. వెర్నియర్ పుల్లీతో కామ్‌ని ముందుకు జరిపితే ఇన్‌లెట్ గ్యాప్ తగ్గి ఎగ్జాస్ట్ గ్యాప్ పెరుగుతుంది, వెనక్కి జరిపితే అటుది ఇటు. ఒకే కామ్ ఉన్న ఇంజన్‌లో ఒకదానికి ఇచ్చింది రెండోదాని దగ్గర లాక్కున్నదే. రెండు కామ్‌ల ఇంజన్‌లో దేనికది విడిగా జరుపుకోవచ్చు. పుల్లీ మీద గీతలు కామ్ డిగ్రీలా, క్రాంక్ డిగ్రీలా అన్నది చూసుకోండి, కామ్ ఒక డిగ్రీ అంటే క్రాంక్ రెండు. గ్యాప్ కోసం టైమింగ్‌ని ఎక్కువ జరిపితే ఆ కామ్ ఎందుకు కొన్నారో ఆ పవరే పోతుంది, అందుకే ఇది ఒకట్రెండు డిగ్రీల వరకే మందు.

మందపాటి గ్యాస్కెట్ సులువే గానీ మాకు నచ్చదు. కంప్రెషన్ తగ్గుతుంది, దానికి తోడు పిస్టన్ చదును భాగానికీ హెడ్‌కీ మధ్య ఉండాల్సిన దగ్గరితనం పోయి నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి మండి టకటకమనడం) పెరగొచ్చు.

సరైన మందు పిస్టన్ గుంటలు లోతు చేయించడం. మిల్లింగ్ మిషన్ మీద, వాల్వ్ కోణానికి పిస్టన్‌ని వంచి బిగించి, వాల్వ్ వ్యాసం కంటే 2.5–3 మి.మీ. పెద్ద కట్టర్‌తో కోయాలి. మట్టిలో పడిన అచ్చే గుంట మధ్య ఎక్కడ ఉండాలో చెబుతుంది. ముందుగా పిస్టన్ తిరగేసి లోపలి వైపు నుంచి నెత్తి మందం కొలిచి, కోశాక కనీసం 5 మి.మీ. మిగిలేలా చూసుకోండి. పై రింగు గాడి ఎంత దగ్గరలో ఉందో కూడా చూడాలి, అక్కడ పలచబడితే వేడికి కూలుతుంది. అంచులన్నీ గుండ్రంగా రాయాలి, పదును అంచు ఎర్రగా కాలి నాకింగ్‌కి నిప్పు అవుతుంది. నాలుగు పిస్టన్లూ ఒకే లోతు, తర్వాత నాలుగూ తూకం వేసి బరువు సమం చేయించండి.

కంప్రెషన్ సంగతి: 1,300 సీసీ ఇంజన్, 9.5 కంప్రెషన్ ఉంటే ఒక్కో సిలిండర్‌లో పైన మిగిలే చోటు 38 సీసీ. గుంటలకి 2 సీసీ పోతే కంప్రెషన్ 9.1కి దిగుతుంది.

వాల్వ్ సీట్ లోతుగా కోయిస్తే గ్యాప్ రాదా?

వస్తుంది, కానీ ఆ దారిలో పోకండి. వాల్వ్ హెడ్‌లోకి మునిగిపోతే గాలి దారి చెడుతుంది, కాడ పైకి పొడుచుకొచ్చి రాకర్, టాపెట్ లెక్కలన్నీ మారిపోతాయి.

గట్టి స్ప్రింగ్‌లు వేశాం. గ్యాప్ తక్కువున్నా పర్లేదా?

గట్టి స్ప్రింగ్ ఫ్లోట్‌ని, అంటే వాల్వ్ గాలిలో ఆగిపోవడాన్ని, ఆపుతుంది, గేర్ తప్పు వేసినప్పుడు ఆపలేదు. నాలుగోలోంచి ఐదుకి బదులు మూడులో పడితే ఇంజన్ వేగం ఒక్కసారిగా ఎక్కడికో పోతుంది, అప్పుడు ఆ అర మి.మీ.యే కాపాడేది. స్ప్రింగ్ మార్చినప్పుడు ఇంకో రెండు కూడా చూడండి. పూర్తి లిఫ్ట్‌లో స్ప్రింగ్ చుట్ల మధ్య మొత్తం కలిపి 1.5 మి.మీ. దాకా ఖాళీ ఉండాలి, రిటైనర్ అడుగుకీ వాల్వ్ సీల్‌కీ మధ్య కూడా ఇంచుమించు అంతే. లిఫ్ట్ పెరిగిన కామ్ పిస్టన్‌ని వదిలేసి సీల్‌ని చితక్కొట్టే ఇంజన్లూ ఉంటాయి.

గ్యాప్ 2 మి.మీ. ఉంటే బెల్ట్ ఒక పన్ను జారినా వాల్వ్ తగలదు కదా?

తగలొచ్చు. క్రాంక్ పుల్లీకి 24 పళ్లుంటే ఒక పన్ను అంటే 15 డిగ్రీలు. పైన చెప్పిన డిగ్రీకి 0.15 లెక్కన 2 మి.మీ. పైనే పోతుంది. కాబట్టి కామ్‌తో పాటు కొత్త బెల్ట్, కొత్త టెన్షనర్ వేయండి. పాత బెల్ట్‌తో కొలిచి, తర్వాత కొత్తది వేస్తే టైమింగ్ మళ్లీ చూడండి.

డీజిల్ ఇంజన్లకి ఈ కొలతలు పనికొస్తాయా?

రావు. డీజిల్‌లో వాల్వ్‌లు నిటారుగా, హెడ్ చదునుగా ఉండి పిస్టన్ దాదాపు హెడ్‌ని తాకేంత దగ్గరికి వస్తుంది. అక్కడ పిస్టన్ బ్లాక్ పైకి ఎంత పొడుచుకొచ్చిందో కొలిచి, అంచున గీతలు, రంధ్రాలతో గుర్తు పెట్టిన గ్యాస్కెట్‌లలో సరిపడేది ఎంచుకుంటారు. కంపెనీ మాన్యువల్ అంకె ఏదైతే అదే.

రోడ్డు మీద తిప్పే బండికి వేస్తే ఇబ్బందులేమైనా?

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. పెద్ద ఓవర్‌ల్యాప్ ఉన్న కామ్‌తో ఐడ్లింగ్‌లో కాలని పెట్రోల్ బయటికి పోతుంది, పొల్యూషన్ చెక్‌లో అది దొరుకుతుంది. ట్రాక్‌కీ, ర్యాలీకీ వాడే బండికే ఈ పని పెట్టుకోవడం మేలు.

అంతా కట్టాక, స్టార్ట్ చేసే ముందు ఏం చూడాలి? వాల్వ్ తగిలిందో లేదో ఎలా తెలుస్తుంది?

ప్లగ్‌లు తీసి చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. తర్వాత ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా స్టార్టర్ మీద తిప్పండి. కామ్ లోబ్‌లకి అసెంబ్లీ గ్రీజు రాసి ఉండాలి. స్టార్ట్ అయ్యాక ఐడ్లింగ్‌లో వదలకుండా 2,000–2,500 ఆర్‌పీఎం దగ్గర కాస్త పెంచుతూ తగ్గిస్తూ 20 నిమిషాలు నడపండి, రాసుకుంటూ తిరిగే కొత్త లోబ్‌లు అప్పుడే కుదురుకుంటాయి. ఆ వెంటనే గుంటూరు హైవే ఎక్కి జోరుగా తోలకండి. చల్లారాక టాపెట్ మళ్లీ చూసి, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ రాసి పెట్టుకోండి.

తర్వాత ఎప్పుడైనా అనుమానం వస్తే ఆ కాగితమే ఆధారం. వాల్వ్ మెల్లగా తగిలితే శబ్దం రాకపోవచ్చు. ఒక సిలిండర్ కంప్రెషన్ మిగతావాటికంటే బాగా పడిపోతుంది, ఆ వాల్వ్ టాపెట్ సందు కారణం లేకుండా మారిపోతుంది. సిలిండర్‌లోకి గాలి ఎక్కించి చూసే లీక్ టెస్ట్‌లో గాలి సైలెన్సర్‌లోంచి వస్తే ఎగ్జాస్ట్, థ్రాటిల్ వైపు నుంచి వస్తే ఇన్‌లెట్. హెడ్ విప్పితే పిస్టన్ మసి మీద నెలవంకలా మెరిసే గీత కనిపిస్తుంది. ఆ వాల్వ్‌ని నిఠారు చేయించి మళ్లీ వేయకండి. ఒకసారి వంగిన కాడ తల దగ్గర విరుగుతుంది, విరిగిన తల సిలిండర్‌లోనే పడుతుంది.